ఎదిగే పిల్లల కోసం కుటుంబ నవల రాయడం ఎలా?

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వయసున్న తెలుగు పిల్లలకు తమ భాషలో చదువుకోదగ్గ నవలలు తక్కువ. చిన్న పిల్లలకు బొమ్మల కథలున్నాయి, పెద్దలకు నవలలున్నాయి. మధ్యలో ఉన్న ఈ వయసు పిల్లలకు మనం పాఠ్యపుస్తకాలు, గైడ్లు తప్ప పెద్దగా ఏమీ ఇవ్వలేదు. ఆ లోటు తీర్చాలన్న కోరికతో కలం పట్టేవారి కోసం, ముఖ్యంగా కుటుంబాన్నీ ఎదుగుదలనూ కథావస్తువుగా తీసుకోదలచిన వారి కోసం, మొదటి ఆలోచన దగ్గర్నుంచి అచ్చుప్రతి వరకు ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. చెప్పే మాటకు ఆధారంగా ఒకే ఊహాకుటుంబాన్ని చివరి దాకా వాడుకుందాం: యాదాద్రి భువనగిరి జిల్లాలో పోచంపల్లి చుట్టుపక్కల ఒక ఊరు, ఒక చేనేత ఇల్లు, పదో తరగతి చదివే రజిత అనే అమ్మాయి.

1. ఎవరి కళ్లతో చూస్తున్నారో ముందు తేల్చుకోండి

బాల్యాన్ని తలచుకుంటూ పెద్దలు రాసిన కథలకు మన సాహిత్యంలో కొదవ లేదు. అవి గొప్పవే కావచ్చు గానీ, వాటిలో మాట్లాడేది నలభై ఏళ్లు దాటిన మనిషి. జరిగినదానికి అర్థం ఏమిటో ఆయనకు ముందే తెలుసు. పిల్లలు చదువుకునే నవలలో ఆ తెలివిడి ఉండకూడదు. కథ నడిచే రోజున రజితకు ఎంత తెలుసో పాఠకులకూ అంతే తెలియాలి, ఆమె పొరబడిన చోట పాఠకులూ ఆమెతో కలిసి పొరబడాలి.

తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. పెద్దవాళ్ల జ్ఞాపకంగా రాస్తే ఇలా వస్తుంది: "ఆ రోజుల్లో అమ్మ భుజం నొప్పి వెనక ఎంత త్యాగం ఉందో నాకు తెలియలేదు." అదే సంగతి పదిహేనేళ్ల పిల్ల చెబితే ఇలా ఉంటుంది (ఆసు పోయడమంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం): "అమ్మ ఆసు పోస్తూ మధ్యలో ఆగి ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. యూనిఫారం ఉతకమని చెప్పి మూడు రోజులైంది." రెండో దానిలో త్యాగమన్న ఊసే లేదు, అయినా చదివే పిల్లకు భుజం కనిపిస్తుంది, కోపం కనిపిస్తుంది, ఆ రెండింటి మధ్య సంబంధాన్ని ఆమె తనంతట తానే గుర్తిస్తుంది. కాబట్టి మొదటి ప్రతిలో "అప్పుడు నాకు తెలియలేదు", "తర్వాత అర్థమైంది" వంటి వాక్యాలు ఎక్కడ పడినా నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి.

కథానాయిక వయసు మీరు ఊహించుకున్న పాఠకుల వయసు కంటే ఏడాదో రెండేళ్లో ఎక్కువ ఉండేలా చూడండి. పిల్లలు తమకంటే కాస్త పెద్దవాళ్ల గురించి ఇష్టంగా చదువుతారు గానీ చిన్నవాళ్ల గురించి చదవమంటే చిన్నబుచ్చుకుంటారు.

2. ఇంటి పని, ఇంటి అప్పు, ఇంటి పడకలు రాసుకోండి

కథ మొదలుపెట్టక ముందే ఒక నోటు పుస్తకంలో ఆ ఇంటి పటం గీయండి. మగ్గం ఏ గదిలో ఉంది, వంట ఎక్కడ, నాయినమ్మ మంచం ఎక్కడ వేస్తారు, రజిత ఎక్కడ చదువుకుంటుంది, రాత్రి ఎవరి పక్కన ఎవరు పడుకుంటారు అన్నవి అందులో ఉండాలి. పడకల సంగతి చిన్నదిగా అనిపించవచ్చు గానీ, మన ఇళ్లలో పిల్లలకు పెద్దల రహస్యాలు చెవిన పడేది ఎక్కువగా దీపాలార్పిన తర్వాతే. ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను రాత్రిపూట ఎవరి దిండు కింద ఉంటుందో కూడా రాసుకోండి.

ఆ తర్వాత ఇంటి పనిని పట్టుకోండి. కుటుంబం గురించి రాసే చాలామంది ప్రేమలు, అలకలు, పండుగలు రాసి, ఆ ఇంట్లో అన్నం ఎలా వస్తుందో చెప్పడం మరచిపోతారు. పోచంపల్లి రకం చీరలో నూలును నేసిన తర్వాత కాదు, నేయక ముందే లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతారు. దానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి పోయాలి, అదే ఆసు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఈ పని చాలా ఇళ్లలో ఆడవాళ్లదే, భుజాలు అరిగిపోయేది వాళ్లవే. ఆలేరు దగ్గరి శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం తల్లి పడే బాధ చూడలేక ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మీ నవలలో రజిత తల్లి చేత్తోనే ఆసు పోస్తుంటే, పక్కింట్లో యంత్రం ఉండి వీళ్లింట్లో ఎందుకు లేదన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. ఆ ప్రశ్నకు జవాబు డబ్బులో ఉంటుంది.

అందుకే మూడో పట్టిక అప్పులది. మాస్టర్ వీవర్ (నూలిచ్చి కూలికి నేయించుకునే వ్యాపారి) దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఎంత, అది చీర చీరకూ కూలిలో ఎలా తెగుతుంది, బంగారం ఎక్కడ తాకట్టులో ఉంది, స్కూలు ఫీజు ఎన్ని కిస్తీలు బాకీ అన్నవి అంకెలతో సహా రాయండి. ఈ అంకెల్లో చాలావరకు నవలలోకి రావు. కానీ తండ్రి ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం తోసేస్తే, ఆ రోజు ఏ కిస్తీ గడువో మీకు తెలిసి ఉండాలి.

కులం, ఇంటి పేరు దాచకండి. మర్యాద కోసమని వాటిని తీసేసిన నవలల్లో ఊరు ఎక్కడా లేని ఊరైపోతుంది. ఎవరి బావిలో నీళ్లు, ఎవరి ఇంట్లో కూర్చోవచ్చు, స్కూల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు అన్నవి పదిహేనేళ్ల పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

3. ఒక సంవత్సరం ఎంచుకొని క్యాలెండరు పక్కన పెట్టుకోండి

ఎదుగుదల నవలకు ఒక విద్యా సంవత్సరం చక్కటి కొలత. జూన్‌లో మొదలై మళ్లీ జూన్‌కు ముగిసే ఆ వ్యవధిలో పండుగలు, పరీక్షలు, ఫలితాలు అన్నీ వాటంతట అవే వరుసలో నిలబడతాయి. అయితే "ఒకానొక సంవత్సరం" అని వదిలేయకుండా అసలైన సంవత్సరాన్నే తీసుకొని, ఆ ఏడాది ఏ రోజున ఏం జరిగిందో పాత దినపత్రికల్లో చూసి రాసుకోండి. కథ సగం అక్కడే దొరుకుతుంది.

రజిత కోసం 2019 జూన్ నుంచి 2020 జూన్ వరకు తీసుకుందాం. ఆ ఏడాది సెప్టెంబరు 28న పెత్రమాసతో (భాద్రపద అమావాస్యతో) బతుకమ్మ మొదలైంది, అక్టోబరు 6న చివరి రోజైన సద్దుల బతుకమ్మ, 8న దసరా. సరిగ్గా సద్దులకు ముందు రోజు, అక్టోబరు 5న, తెలంగాణ ఆర్టీసీ కార్మికుల సమ్మె మొదలై నవంబరు 25 దాకా సాగింది. బస్సులు లేనందున దసరా సెలవులను కూడా అక్టోబరు 19 వరకు పొడిగించారు. ఇప్పుడు ఆలోచించండి: పండుగకు హైదరాబాద్ నుంచి పుట్టింటికి వచ్చిన మేనత్త తిరుగు ప్రయాణం వాయిదా పడుతుంది, బడి లేనందున రజిత ఇంట్లోనే ఉంటుంది, మామూలుగా రెండు రోజుల్లో ముగిసిపోయే చుట్టరికం రెండు వారాలు సాగుతుంది, అంతకాలం మూతపెట్టి ఉంచలేని మాటలు బయటికి వస్తాయి. ఇవన్నీ మీరు కల్పించనక్కర్లేదు, ఆ ఏడాదే ఇచ్చింది.

ఆ తర్వాత 2020 మార్చి 19న పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. కొన్ని పేపర్లు రాశాక ఆగిపోయాయి. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. జూన్ 8న తెలంగాణ ప్రభుత్వం మిగిలిన పరీక్షలు రద్దు చేసి విద్యార్థులందరినీ పై తరగతికి పంపుతున్నట్లు ప్రకటించింది. ఇల్లంతా ఏడాది పొడవునా ఏ పరీక్ష పేరు చెప్పి పిల్లను కట్టడి చేసిందో ఆ పరీక్షే లేకుండా పోయింది.

ఇంత బలమైన సంఘటనలు దొరికినప్పుడు ఒక జాగ్రత్త అవసరం. చరిత్ర మీ పాత్ర చేయాల్సిన పనిని చేయకూడదు. లాక్‌డౌన్ వచ్చి ఇంటి గొడవను ఆపేసిందంటే రజిత ఎదగలేదని అర్థం. కాబట్టి ఆమె తేల్చుకోవాల్సింది మార్చి లోపే తేల్చుకోవాలి, దాని ఫలితాన్ని ఆ మూతపడ్డ ఇంట్లో అందరితో కలిసి రెండు నెలల పాటు భరించాలి.

4. ఇంటి నిర్ణయం ఒకటి పెట్టి, దానిలో పిల్లకు భాగం ఇవ్వండి

ఈ మొత్తం పనికి ఇరుసు ఇదే. ఎత్తు పెరగడం, గొంతు మారడం, ప్రేమలో పడడం వంటివి వయసుతో పాటు అందరికీ జరుగుతాయి. కుటుంబ నవలలో ఎదగడమంటే, ఇంట్లో పెద్దలు తమలో తాము చూసుకునే లెక్క పిల్లల చేతికి రావడం, వచ్చిన తర్వాత ఏమీ తెలియనట్టు ఉండలేకపోవడం. మీ కథలో ఆ లెక్క ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలిగే దాకా మొదటి అధ్యాయం రాయకండి.

రజిత ఇంట్లో లెక్క ఇది. తాత కట్టిన ఇంటిని అమ్మి, అప్పు తీర్చి, మిగిలిన డబ్బుతో ఆమెను హైదరాబాద్‌లో ఇంటర్ చదివించాలని తండ్రి అనుకుంటున్నాడు. తాత వీలునామా రాయకుండా పోయాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అలా పోయిన మనిషి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా ఉంటుంది. కాబట్టి మేనత్త సంతకం లేనిదే అమ్మకం సాగదు. తండ్రి అసలు ధర చెప్పకుండా, పసుపు కుంకుమల కింద కొంత చేతిలో పెట్టి సంతకం చేయించుకోవాలని చూస్తాడు. అసలు ధర రజిత చెవిన పడింది. చెబితే తన చదువు పోతుంది, తండ్రి పరువు పోతుంది. చెప్పకపోతే పక్కలో పడుకోబెట్టుకొని తల నిమిరే అత్తను మోసం చేసినట్టవుతుంది.

ఇలాంటి చిక్కుముడిలో మూడు లక్షణాలు ఉండేలా చూసుకోండి. పిల్ల ఏదో ఒకటి చేసి తీరాలి, ఆ పని వెనక్కి తీసుకోలేనిదై ఉండాలి, దానికి మూల్యం ఆమే చెల్లించాలి. చివరి నిమిషంలో మంచి టీచరో, డబ్బున్న మేనమామో వచ్చి గట్టెక్కిస్తే అంతవరకు పెంచుకున్న బలమంతా నీరుగారిపోతుంది. పిల్ల తప్పే చేయవచ్చు కూడా. అత్తతో చెప్పడానికి బదులు కోపంలో అందరి ముందు అరిచి చెప్పిందనుకోండి, కథ ఇంకా నిజమవుతుంది.

5. పెద్దలందరి చేతా వాంగ్మూలం ఇప్పించండి

ప్రతి పెద్ద మనిషి గొంతుతో ఒక్కో పేజీ రాయండి. తండ్రి ఈ పని ఎందుకు చేస్తున్నాడో ఆయన మాటల్లోనే, తనను తాను సమర్థించుకుంటూ చెప్పాలి. చెల్లెలి పెళ్లికి ఏడేళ్లు మగ్గం మీద కూర్చొని అప్పు తీర్చానని, ఆమె వాటా అప్పుడే ముట్టిందని ఆయన నిజంగా నమ్ముతూ ఉండవచ్చు. తల్లికి అసలు ధర తెలుసా? నాయినమ్మ కూతురి వైపా, కొడుకు వైపా? మేనత్తకు డబ్బు అవసరం ఎంత? ఈ పేజీలు నవలలో చేర్చేవి కావు. రజితకు కనిపించని వైపు మీకు కనిపించడం కోసం రాసుకునేవి. వీటిని రాశాక దుర్మార్గులు మిగలరు. తాగుబోతు తండ్రి, కన్నీళ్ల తల్లి, కుట్రలు పన్నే అత్త మనకు సీరియళ్లలో కావలసినంత మంది ఉన్నారు, పిల్లల పుస్తకంలోకి వాళ్లను మళ్లీ పిలవనక్కర్లేదు.

6. మాట ఎవరిదో వాళ్లకే ఇవ్వండి

కథనం శిష్ట వ్యావహారికంలో ఉన్నా, సంభాషణ ఆ ఊరిదే కావాలి. పోచంపల్లి పక్క పిల్ల తండ్రిని "నాన్నగారూ" అనదు.

"ఇల్లు అమ్ముతున్నవా నాయినా?"

"నీకెవరు చెప్పిన్రు?"

"నాకు ఇనబడ్డది."

"నువ్వు పొయ్యి సదువుకో బిడ్డా. గీ ముచ్చట్లు నీకెందుకు?"

నాలుగు మాటల్లో తండ్రి అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. "బిడ్డా" అన్న పిలుపుతో తలుపు మూసేశాడు. కోనసీమ ఇల్లయితే ఈ మాటలు వేరు, అనంతపురం ఇల్లయితే వేరు. మీకు చెవికి బాగా తెలిసిన మాండలికాన్నే ఎంచుకోండి. తెలియని ఊరి యాసను నాలుగు క్రియాపదాలు మార్చి రాస్తే ఆ ఊరి పిల్లలు మొదటి పేజీలోనే పట్టేస్తారు.

పిల్లలు తమలో తాము మాట్లాడుకునే భాష వేరే సమస్య. ఫోన్లో వాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో, అచ్చులు మింగేసి రాసుకుంటారు. దాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేస్తే పేజీ చదవలేము, పూర్తిగా శుద్ధి చేస్తే ఆ పిల్లలు కనిపించరు. నా ఉద్దేశంలో ఆ సందేశాలను తెలుగు లిపిలోనే, పొట్టిగా, విరామ చిహ్నాలు లేకుండా రాయడం మేలు: "ఏం చేస్తున్నవ్", "మా నాయిన ఉన్నడు తర్వాత చేస్తా". వారం వారం మారిపోయే ఊతపదాలు మాత్రం తగ్గించండి, పుస్తకం బయటికి వచ్చేసరికే అవి పాతబడతాయి.

7. కష్టమైన విషయాలను దాటవేయకండి, జాగ్రత్తగా రాయండి

ప్రేమ, లైంగిక వేధింపు, బాల్యవివాహం, చదువు ఒత్తిడి, ఆత్మహత్య ఆలోచనలు ఈ వయసు పిల్లల జీవితంలో ఉన్నాయి. పుస్తకంలో లేనంత మాత్రాన అవి పోవు. కానీ మీ పాఠకురాలు ఒంటరిగా, రాత్రిపూట చదువుతూ ఉండవచ్చునని గుర్తుంచుకోండి. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వారందరూ పిల్లలే కాబట్టి, వేధింపు సన్నివేశాన్ని చూసేవారి కుతూహలం తీర్చేలా వర్ణించడం ఎంత మాత్రం తగదు. ఆ పిల్లకు ఏమనిపించింది, ఎవరికి చెప్పింది, వాళ్లు నమ్మారా అన్నదాని మీదే నిలపండి.

పరీక్ష ఫలితాల తర్వాత ప్రాణాలు తీసుకునే పిల్లల వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటా వస్తుంటాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పటి విషాదం ఇంకా చాలామందికి గుర్తుంది. దాన్ని తాకే కథ రాస్తే పద్ధతిని వర్ణించకండి, చనిపోయిన పిల్లను అందరూ కొనియాడే ముగింపు పెట్టకండి, బతికి సాయం అడిగిన పిల్లను కూడా చూపండి. పుస్తకం చివరి పేజీలో పిల్లల సహాయవాణి 1098, మానసిక ఆరోగ్య సహాయం కోసం టెలి మానస్ 14416 నంబర్లు పెద్ద అక్షరాల్లో అచ్చువేయండి.

8. రాయండి, పక్కన పెట్టండి, కోయండి

నిడివి 30,000 నుంచి 40,000 మాటల మధ్య ఉంటే ఈ వయసుకు సరిపోతుంది. అధ్యాయాలు చిన్నవిగా, ఒక్కోటి ఒకే సన్నివేశంగా ఉంచండి. బస్సులో చదివి మూసినా మళ్లీ అందుకోగలగాలి.

తొలి ప్రతి పూర్తయ్యాక కొన్ని వారాలు పక్కన పెట్టి, మొత్తం బయటికి చదవండి. అప్పుడు రెండు చోట్ల కత్తి పెట్టాల్సి వస్తుంది. మొదటిది ఆరంభం: ఊరి వర్ణన, వంశ చరిత్ర, సూర్యోదయం అన్నీ దాటి, ఎక్కడ ఎవరో ఎవరితోనో మొదటిసారి ఏదో దాచారో అక్కడి నుంచి మొదలుపెట్టండి. రెండోది ముగింపు: నాయినమ్మ నోటనో టీచరు నోటనో నీతి చెప్పించే పేరా దాదాపు ప్రతి తెలుగు ప్రతిలోనూ ఉంటుంది, అది తీసేస్తే కథకు ఏ నష్టమూ రాదు. తండ్రీ కూతుళ్లు పూర్తిగా రాజీపడనక్కర్లేదు. లాక్‌డౌన్‌లో అమ్ముడుపోని చీరలు అటకెక్కాక, ఆయన లెక్కల నోటు పుస్తకాన్ని మొదటిసారి రజిత ముందు పెట్టి కూడికలు సరిచూడమన్నాడంటే చాలు.

9. పిల్లల చేత చదివించి, ఆ తర్వాత అచ్చుకు పంపండి

పెద్దల మెప్పు కోసం ముందే పంచకండి. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు కొందరిని, సాధ్యమైతే వేర్వేరు బడుల నుంచి, తెలుగు మీడియం వాళ్లూ ఇంగ్లీషు మీడియం వాళ్లూ ఉండేలా ఎంచుకోండి. "బాగుందా?" అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. ఎక్కడ పుస్తకం మూశారో పేజీ మీద గీత పెట్టమనండి, ఏ మాట అర్థం కాలేదో సున్నా చుట్టమనండి, రజిత స్థానంలో ఉంటే ఏం చేసేవారో చెప్పమనండి. మూడో ప్రశ్నకు వాళ్లలో వాళ్లకే వాదన వస్తే నవల నిలబడినట్టే. అందరూ ఒకే జవాబు చెబితే చిక్కుముడి గట్టిగా పడలేదు, నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లాలి.

ప్రచురణకు పిల్లల పుస్తకాల మీద శ్రద్ధ ఉన్న వారినే ముందు సంప్రదించండి. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అలాంటి సంస్థ. సొంతంగా వేసుకునేవారు పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ కోసం కేంద్ర ప్రభుత్వ రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు, దానికి రుసుము లేదు. సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారాన్ని తెలుగుకు కూడా ఇస్తోంది కాబట్టి దాని నియమాలు తెలుసుకొని ఉంచుకోండి. అక్షరాల పరిమాణం పాఠ్యపుస్తకం కంటే చిన్నదిగా ఉండనివ్వకండి, ధరను ఒక విద్యార్థి తన చేతి ఖర్చు డబ్బుతో కొనగలిగేంతలో ఉంచండి. తొలి ముద్రణలో కొన్ని ప్రతులను జిల్లా గ్రంథాలయాలకూ, మీ కథ జరిగిన ప్రాంతంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకూ మీరే తీసుకెళ్లి ఇచ్చి, బీరువాలో పెట్టి తాళం వేయకుండా పిల్లలకు అందే చోట ఉంచమని అక్కడి తెలుగు ఉపాధ్యాయులను అడగండి.